దిమ్మెకు నీళ్ళు

ఆళ్ళగడ్డలో కలప డిపో ముందర బొగ్గు బస్సు పది నిమిషాలు ఆగుతుంది. క్లీనరు దిగి, వెనకాల ఉన్న బొగ్గు పొయ్యిని కెలికి, పంకా తిప్పి, మంట రాజుకున్నాక గానీ అది కదలదు. ఆ పది నిమిషాలూ మీరేం చేశారు? కిటికీ పక్కన కూర్చున్న వకీలుగారూ, మిమ్మల్నే. ముందు సీటు షావుకారుగారూ, మిమ్మల్ని కూడా. మోటారు సైకిలు కట్టేయడానికని భూమిలో పాతిన గొలుసుకు ఒక మనిషిని కాలు బిగించి కట్టేస్తే నాలుగు దినాలు చూశారు మీరు. ఒకాయన ముక్కుపొడుం పీల్చాడు. ఒకాయన "ఏం దొంగిలించాడో" అన్నాడు. ఒకామె ఒళ్ళో బిడ్డకు చూపించి "ఏడిస్తే నిన్నూ అట్లే కడతారు" అని బెదిరించింది. బస్సు కదిలింది. మీరు పోయారు. చూడలేదని మాత్రం అనకండి.

కట్టినవాడి తప్పు చెప్పడానికి సాక్షులక్కర్లేదు. కానీ ఆ గొలుసు ఊడిరాకుండా కింద కాంక్రీటు దిమ్మె పోసినవాడు మనవాడే. పోసి ఊరుకోలేదు. మనిషిని కట్టాక కూడా దానికి పూటపూటా నీళ్ళు పట్టాడు. నంద్యాలలో ఇళ్ళు కట్టే బేల్దారి దేవదానం. వాణ్ణి పక్కన పెట్టి మిమ్మల్ని మాత్రమే తిడితే అది సగం నిజమే అవుతుంది.

యుద్ధం ముగిసిన మరుసటేడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక సోమవారం దేవదానం, అతని భార్య కృపావతి అదే బొగ్గు బస్సులో ఆళ్ళగడ్డలో దిగారు. తాపీ, గమేళా, జల్లెడ గోనెసంచిలో ఉన్నాయి. పిలిపించింది పార్థసారథి. అహోబిలం అయ్యవార్ల ఇంటి మనిషి. తాతలు గుడి సేవ చేసుకుంటే ఈయన నల్లమలలో కలప కొట్టే కూపులు వేలంలో పాడుకుని ఆళ్ళగడ్డలో డిపో పెట్టాడు. మిలిటరీవాళ్ళు వేలం వేసిన మోటారు సైకిలొకటి మద్రాసు నుంచి తెచ్చుకున్నాడు. డిపో గేటు పక్కన, రేకుల చూరు కింద, ఆకుపచ్చ రంగు పూర్తిగా పోని ఆ బండి నిలబడి ఉంది.

"దీన్ని భూమికి కట్టెయ్యాలిరా. ఏనుగు లాగినా రాకూడదు."

"ఏమైంది సామీ?"

"మొన్న శనివారం పొద్దున వచ్చి చూస్తే ఇక్కడ లేదు. వక్కిలేటి ఇసుకలో బోర్లా పడుంది. ఎవడో నెట్టుకుపోయినాడు. పెట్రోలు అయిపోయుంటుంది, వదిలేసి పోయినాడు."

"ఇంట్లో పెట్టుకుంటే సరిపోతాది గదా సామీ."

పార్థసారథి గొంతు తగ్గించాడు. "సీటు తోలుది. అమ్మ గడప తొక్కనిస్తుందా? డిపోలో ఉంటేనే వీధిలో పోతూ ముక్కు మూసుకుంటుంది."

దేవదానం బండి చుట్టూ తిరిగాడు. భూమిని గడ్డపారతో నాలుగు చోట్ల పొడిచి చూశాడు. పైన ఎర్రమట్టి, జానెడు కిందికి పోతే గట్టి సుద్ద. మంచి నేల. గోతి గోడలు జారవు.

"ఏనుగుల సంగతి నాకేమెరక గానీ సామీ, పదిమంది మనుషులు లాగినా రాదు. నేను పోస్తా."

"బాగా వస్తే చెప్తా విను. నంద్యాలలో ఇల్లు మొదలుపెడుతున్నా. మిద్దె వేయాలి, అంతా సిమెంటుతో. మేస్త్రీవి నువ్వే."

దేవదానం తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. పదహారేళ్ళ నుంచి అతను పోసిన మిద్దెలకు మేస్త్రీలు వేరేవాళ్ళు. వాళ్ళు కుర్చీలో కూర్చుని వక్కాకు నములుతారు, ఇతను పోస్తాడు. ఊరి బయటి పాలెం మనిషిని మేస్త్రీ అని పిలిచిన ఇల్లు ఇంతవరకు నంద్యాలలో లేదు. ఆ మాట విన్నాక అతని చేతులకు వేరే బలం వచ్చింది. అక్కడే చెడింది.

మంగళవారం గుంత తవ్వాడు. పైన మూతి మూరెడు వెడల్పు, కిందికి పోయేకొద్దీ పొట్ట పెద్దది, రెండున్నర అడుగుల లోతు. కడవను భూమిలో పాతితే ఎట్లుంటుందో అట్ల. నేరుగా తవ్వితే దిమ్మె పైకి లాగితే వచ్చేస్తుంది. పొట్ట కింద ఉంటే పైన ఉన్న భూమంతా దాన్ని పట్టుకుంటుంది. పార్థసారథి గట్టున నిలబడి చూసి "తెలివైనవాడివే" అన్నాడు. అడుగున పాడైపోయిన బండి ఇరుసు ముక్క అడ్డంగా పెట్టి, అడవిలో దూలాలు ఈడ్చే గొలుసు తెప్పించి, దాని కొసను ఇరుసుకు మూడు చుట్లు చుట్టి, కమ్మీతో బిగించాడు.

సిమెంటు కంట్రోలు రోజులు. ఆ మధ్యాహ్నమే, పర్మిట్ మీద వచ్చిన అరబస్తాను కృపావతి పిండి పోసినట్టు జాగ్రత్తగా పలక మీద పోసింది. ఒకపాలు సిమెంటు, రెండుపాళ్ళు ఇసుక, నాలుగుపాళ్ళు కంకర. పొడిగానే మూడుసార్లు తిరగేసి కలిపింది. నీళ్ళు పోస్తుంటే దేవదానం అరిచాడు.

"చాలు చాలు! చారు కాస్తాండావా?"

"నువ్వు తినే సంగటి కంటే గట్టిగానే ఉండాది లేప్పా."

"సంగటి నీది. ఇది నాది. గుప్పిట్లో పట్టుకుంటే ముద్ద నిలబడాల, చెయ్యి తడవగూడదు."

బెత్తెడు బెత్తెడు పోస్తూ గడ్డపార మొనతో పొడిచి పొడిచి గాలి వెళ్ళగొట్టాడు. మూతి దగ్గర తాపీతో నున్నగా చేశాడు. నడుమ నుంచి గొలుసు రెండు మూరలు బయటికి వచ్చింది. చుట్టూ వేలెడు మట్టి కట్ట వేసి, పైన తడి గోనెపట్టా కప్పాడు.

"రేపు బండి కట్టొచ్చా?" పార్థసారథి అడిగాడు.

"ఏడు దినాలు ఆగల్ల సామీ. రోజూ రెండు పూటలా నీళ్ళు పట్టల్ల. మట్టి ఎండితే గట్టిపడతాది. సిమెంటు అట్ల కాదు, తాగితే గట్టిపడతాది. ఎండనిస్తే నెర్రెలిచ్చి, గొలుసు పంటి మాదిరి ఊడొస్తాది. ఇంకొకరికి అప్పజెప్పను, నేనే ఉండి పడతా."

నీళ్ళు డిపో బావివి. ఆ బావిలో దేవదానం చేద వేయకూడదు. తలారి పుల్లయ్య తోడి, ఎత్తు నుంచి దేవదానం కడవలో పోయాలి. పుల్లయ్య ఊరి తలారే గానీ సగం రోజు డిపో కాపలాలోనే ఉంటాడు. "సిమెంటు ఇంత తాగుబోతని నాకు తెల్దప్పా" అనుకుంటూ తోడాడు.

ఆ వారమంతా మొగుడూ పెళ్ళాలు ఆళ్ళగడ్డ పాలెంలో కృపావతి తమ్ముడి గుడిసెలో ఉన్నారు. తమ్ముడి పేరు జకరయ్య. అస్సాంలో మిలిటరీ లారీ తోలి, ఆరు నెలల కింద ఇంటికి వచ్చాడు. ఖాకీ నిక్కరు తప్ప మిలిటరీది ఏమీ మిగల్లేదు. పార్థసారథి డిపోలోనే రంపం లాగుతున్నాడు. గుంతలో కింద నిలబడి లాగే పని, రంపపు పొట్టంతా కళ్ళలో పడుతుంది.

"లారీ తోలినోనివి, గుంతలో పడినావు గదరా" అన్నాడు ఆ సాయంత్రం దేవదానం.

"ఆడ బాంబులు పడితే గుంతలో దాక్కున్యాం బావా. అలవాటైపోయింది" అని నవ్వాడు జకరయ్య.

ఆ నవ్వు దేవదానానికి నచ్చలేదు. ఇంత పని తెలిసినవాడు పొట్టు మింగడమేంది? స్వామికి లారీ కొనే ఆలోచన ఉందని డిపోలో అనుకుంటున్నారు. డ్రైవరు కావాలి గదా. ఒక్క మాట పడేస్తే పోలేదా అనుకున్నాడు.

బుధవారం పొద్దున పార్థసారథి వచ్చి, గోనెపట్టా ఎత్తి, కర్రతో దిమ్మెను పొడవబోతే దేవదానం చెయ్యి అడ్డం పెట్టాడు.

"పొడవద్దు సామీ, పసిబిడ్డ."

పార్థసారథి నవ్వాడు. "అయినా ఇంత అవసరమా అంటాను. ఈ బండిని ముట్టడం తెలిసినవాడు ఈ చుట్టుపక్కల నేను గాక ఎవడున్నాడు?"

దేవదానం ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు అందుకున్నాడు. "అట్లనద్దు సామీ. మా బామ్మర్ది జకరయ్య ఉండాడు. మీ రంపం గుంతలోనే. అస్సాం కొండల్లో మిలిటరీ లారీలు తోలినాడు. మోటారు సైకిళ్ళూ తోలినాడంట. ఈ బండి వానికి లెక్కే లేదు, కండ్లు మూసుకొని తోల్తాడు."

"అలాగా" అన్నాడు పార్థసారథి. కర్రను చంకలో పెట్టుకున్నాడు. "జకరయ్య. అలాగా."

"లారీ కొంటే మతికి పెట్టుకోండి సామీ."

"పెట్టుకుంటాను" అన్నాడాయన. నిజంగానే పెట్టుకున్నాడు.

గురువారం దేవదానం, కృపావతి డిపోలో చిల్లర తాపీ పనికని వక్కిలేటికి ఇసుకకు పోయి, ఎండెక్కాక డిపోకు వచ్చారు. రంపాలు ఆగిపోయి ఉన్నాయి. కూలీలు దుంగల మీద వరసగా కూర్చుని ఒకవైపే చూస్తున్నారు. రేకుల చూరు కింద మోటారు సైకిలు లేదు. అవతల టేకు దుంగలకు ఆనించి ఉంది, ఏ తాడూ లేకుండా. చూరు కింద జకరయ్య కూర్చుని ఉన్నాడు. కుడికాలి మడమ పైన గొలుసు రెండు చుట్లు, దానికి అరచెయ్యంత కొత్త తాళం. తడి గోనెపట్టా మీద కూర్చుంటే నిక్కరు తడిసి ఉంది.

కృపావతి తల మీది గంప జారి ఇసుకంతా పోయింది.

"ఏందిరా ఇది? ఏందిరా తమ్ముడూ?"

జకరయ్య తల ఎత్తాడు. బావవైపు చూశాడు. "కండ్లు మూసుకొని తోల్తానని చెప్పినావంట గదా బావా."

దేవదానం వరండావైపు తిరిగాడు. పార్థసారథి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన కోపంగా లేడు. అదే దేవదానాన్ని మరింత చిన్నబుచ్చింది. కోపంగా ఉంటే కాళ్ళ మీద పడొచ్చు.

"సామీ, వాడు ఎత్తుకపోలేదు. నేనేదో గొప్పకు చెప్పినా సామీ..."

"నువ్వు చెప్పకపోతే నాకు తోచేదే కాదురా. ఈ ఊళ్ళో తోలడం తెలిసినవాడు వీడొక్కడే అని నువ్వే చెప్పావు. కొట్టానా? ఒక్క దెబ్బ వేయించలేదు. తిండి పెట్టిస్తున్నా. ఇన్స్పెక్టరు క్యాంపుకు పోయినాడు, వచ్చేదాకా ఉంటాడు. ఎక్కడికి పోకుండా ఉండాలి గదా." కర్రతో దిమ్మెను చూపించాడు. "నీ పని నువ్వు చూసుకో. ఎండ ఎక్కింది. నీళ్ళు పట్టలేదు ఇంకా."

పుల్లయ్య చేద తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు. దేవదానం కడవ పట్టాడు. పట్టకూడదని అతనికి తెలుసు. కడవ కింద పడేయాలని తెలుసు. కానీ చేతులు చాపి పట్టాడు. నీళ్ళు నిండాయి. నడిచి పోయాడు. వంగాడు. జకరయ్య కాలి పక్కన కట్టలో నీళ్ళు పోశాడు. నీళ్ళు బుడబుడమని సిమెంటులోకి ఇంకాయి.

"నిదానంగా పొయ్ బావా" అన్నాడు జకరయ్య. "గొలుసు మొదట్లో బాగా పట్టు. ఊడొస్తే నీ పేరు పోతాది."

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కృపావతి అడిగింది.

"నీ దిమ్మె ఎన్ని దినాలకు గట్టిపడతాది?"

"ఏడు."

"ఇయ్యాలకు ఎన్ని?"

"రెండు."

"ఐతే ఇంకా లేతనే గదా. గడ్డపార పట్టుకొని పోతే పగలదా?"

దేవదానం పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. పగులుతుంది. అందరికంటే అతనికే బాగా తెలుసు. ఇవాళైతే నాలుగు దెబ్బలు. రేపైతే పది. ఏడో రోజు దాటితే సమ్మెట కావాలి. తను పోసే ఒక్కొక్క కడవా వాని కాలికి ఇంకో చుట్టు అని తెలుసు.

"పోలీసోళ్ళు వచ్చి ఇడిసిపెడతారు లే. ఏం సాక్ష్యముండాది?"

"నువ్వుండావు గదప్పా సాక్ష్యం" అంది ఆమె. సంగటి ముద్ద అతని ముందర పెట్టి, తను తినకుండా లేచి పోయింది.

శుక్రవారం రెండు పూటలా పట్టాడు. సాకులు చాలా ఉన్నాయి. నేను పట్టకపోతే పుల్లయ్య పడతాడు. నేను పోతుంటేనే వాణ్ణి చూసుకునేవాడుంటాడు. ఎదురు తిరిగితే వాడికే దెబ్బలు పడతాయి. అన్నీ నిజమైన సాకులే. వాటి కింద ఇంకొకటి ఉంది. నంద్యాల మిద్దె. అతను దాన్ని తనకు తాను కూడా చెప్పుకోలేదు. కానీ కడవ భుజాన పెట్టుకున్న ప్రతిసారీ మెట్లు ఎక్కడ వస్తాయి, దూలాలు ఎన్ని పడతాయి అని తల లెక్క కడుతూనే ఉంది.

మధ్యాహ్నం బస్సు ఆగింది. క్లీనరు బొగ్గు కెలుకుతుంటే కిటికీల నిండా మొహాలు. జకరయ్య రేకుల వేడికి నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. దేవదానం నీళ్ళు తెచ్చాడు.

"బావా, ఒక గుక్కెడు పొయ్యి."

దేవదానం కడవ వంచబోయాడు. వరండాలోంచి ఎవరూ ఏమీ అనలేదు. అన్నది పుల్లయ్య.

"పొయ్యగాకప్పా. అది సిమెంటుకు తోడిచ్చిన నీళ్ళు. మనిషికి తోడివ్వమని నాకు చెప్పల్యా. వాని నీళ్ళు పాలెం నుంచి రావల్ల."

బస్సులో ఎవరో నవ్వారు. దేవదానం కడవను అట్లే పట్టుకుని నిలబడ్డాడు. తరవాత దిమ్మె మీద పోశాడు. జకరయ్య అరచేయి కట్టలో ముంచి ఆ తడిని పెదాలకు రాసుకున్నాడు. సున్నపు మంటకు మొహం చిట్లించి, ఉమ్మేశాడు.

శనివారం నుంచి కృపావతి పనికి రాలేదు. పాలెం నుంచి నీళ్ళచెంబు తెచ్చుకుని, చూరు బయట, ఎండలో తమ్ముడికి ఎదురుగా కూర్చుంది. ఎవరు లెమ్మన్నా లేవలేదు. దేవదానం వచ్చి నీళ్ళు పోసి పోతుంటే ఎవరో తెలియని కూలీ వచ్చినట్టు చూసింది. మొగుణ్ణి తిట్టే ఆడది ఆమె. తిట్టకపోవడం ఇదే మొదటిసారి.

ఆదివారం పొద్దున పార్థసారథి మోటారు సైకిలెక్కి అహోబిలం పోయాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని పోయాడు. దేవదానం పొద్దుపూట నీళ్ళు పట్టడానికి వచ్చాడు. గోనెపట్టా తీశాడు. దిమ్మె మొహం నీలంగా, నున్నగా, ఒక్క వెంట్రుకంత నెర్రె లేకుండా ఉంది. అలవాటు కొద్దీ తాపీ వెనక్కి తిప్పి పిడితో కొట్టి చూశాడు. ఖణ్ మంది. కంచం మోగినట్టు మోగింది. ఇంత ఎండలో, ఇంత కొద్ది సిమెంటుతో ఇట్లాంటి దిమ్మె ఎవడు పోస్తాడు? అతని మొహంలోకి నవ్వు వచ్చేసింది.

తల ఎత్తితే జకరయ్య చూస్తున్నాడు.

అతని మడమ చుట్టూ తోలు ఊడి పుండు పడి ఉంది, దాని మీద ఈగలున్నాయి. దేవదానం ఆ నవ్వును మొహం మీంచి ఎట్లా తీసేయాలో తెలియక తాపీతో నోరు మూసుకున్నాడు. కడవ అక్కడే పెట్టేసి లేచాడు. నీళ్ళు పట్టలేదు.

పాలెం గుడిలో ఆరాధన జరుగుతోంది. గుడంటే నాలుగు మట్టిగోడలు, బోదగడ్డి కప్పు. శాంతయ్య అనే ముసలాయన వారం పొడుగునా ఎద్దులబండి తోలి, ఆదివారం వాక్యం చదువుతాడు. పాటయ్యాక సాక్ష్యాల సమయం. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకామె చెప్పింది. తప్పిపోయిన మేక దొరికిందని ఒకడు చెప్పాడు. గుమ్మం దగ్గర నిలబడిన దేవదానం చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"నాదీ ఒకటుండాది."

"చెప్పు నాయనా" అన్నాడు శాంతయ్య.

"దేవుడు నాకేం చేసినాడో చెప్పను. నేను చేసింది చెప్తా. జకరయ్య పేరు సామికి చెప్పింది నేను. వాన్ని కట్టిన దిమ్మె పోసింది నేను. కట్టినాక మూడు దినాలు నీళ్ళు పట్టినా. వాడు తాగను నీళ్ళడిగితే దిమ్మెకు పోసినా. ఎందుకంటే నాకు మేస్త్రీ కావాలని ఉండాది." తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇప్పుడు పొద్దున దాన్ని కొట్టి చూసి నవ్వినా. బాగా వచ్చిందని. వాని ముందర."

ఎవరూ ఆమెన్ అనలేదు. వెనకనుంచి ఒక ముసలామె "థూ" అంది. శాంతయ్య గ్రంథం మూశాడు.

"నువ్వొక్కనివే గాదు లేప్పా. నాలుగు దినాలుగా మేమందరం ఆ పక్కకు పోకుండా చుట్టు తిరిగి పోతాండాం. ఎన్ని గడ్డపారలు కావల్ల?"

పన్నెండు మంది డిపోకు వచ్చారు. పుల్లయ్య కర్ర అడ్డం పెట్టాడు. పెట్టాడే గానీ గట్టిగా పెట్టలేదు.

"తాళం ముట్టద్దన్నాడు సామి."

"ముట్టం" అన్నాడు దేవదానం.

"గొలుసు కొయ్యద్దన్నాడు."

"కొయ్యం. గుంత తవ్వద్దన్నాడా?"

పుల్లయ్య ఆలోచించాడు. "ఆ మాట ఐతే అనల్యా" అని కర్ర దించి దుంగ మీద కూర్చున్నాడు. కాసేపటికి, తవ్వుతున్న దేవదానం వెనక నుంచి అతని గొంతు వినబడింది. "వాడు కాదప్పా నెట్టింది. నేను."

గడ్డపారలు ఆగాయి.

"లక్ష్మీనరసమ్మ, సామి వాళ్ళమ్మ. శనివారం తెల్లారి మడితో ప్రసాదం తీసుకొని ఈ దోవన పోతాంది. తోలు సీటు దోవకడ్డముందని, యాడికన్నా నెట్టేసి రాపో అన్న్యాది. నేనూ ఇంకొకడూ ఏట్లోకి నెట్టినాం. సామి దొంగలన్యాడు. అమ్మ నోరు తెరవల్యా. ఆయమ్మే తెరవకుంటే నేనెట్ల తెరుస్తా? నా కొలువు పోదా?"

జకరయ్య మొదటిసారి గట్టిగా నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. "మడి కోసమంట బావా. నేను అస్సాంలో జపానోళ్ళకు దొరకల్యా, ఈడ ప్రసాదానికి దొరికినా."

చుట్టూ మట్టి తీసేసరికి దిమ్మె పొట్ట బయటపడింది. దేవదానం దిగి, సమ్మెట అందుకున్నాడు. అయిదు రోజుల దిమ్మె. ఇరవై దెబ్బలు కొడితే చాలు. రెండు చేతులా ఎత్తాడు.

"ఆగు" అన్నాడు జకరయ్య.

"పగలగొడతా. నాకు అడ్డం రాగాక."

"పగలగొడితే ఏం మిగుల్తాది? రెండు గంపల కంకర. రేపు సామి వచ్చి ఎవరు కట్టినారు, యాడ కట్టినారు అంటాడు. ఈ బస్సులో చూసినోడు ఒక్కడన్నా వచ్చి చెప్తాడా? ఇట్లనే లేపండి. ఇరుసుతో, గొలుసుతో, నా కాలితో. నంద్యాల కచ్చేరీకి తీసకపోదాం. చూడల్యా అనడానికి వీల్లేకుండా."

కృపావతి లేచి వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. "వాడు చెప్పినట్ల చెయ్యి" అంది మొగుడితో. మూడు రోజుల తరవాత అదే మొదటి మాట.

రెండు వాసాలు కింద దూర్చి ఎనిమిది మంది లేపారు. శాంతయ్య బండి కట్టుకొచ్చాడు. దిమ్మె ఎక్కితే బండి మూలిగింది. దాని పక్కనే జకరయ్య కాలు చాపుకుని కూర్చున్నాడు. పుండుకు కృపావతి పైట చెరగు చించి కట్టింది. బండి కదలబోతుంటే పుల్లయ్య పరిగెత్తి వచ్చి, తన చెంబుతో నీళ్ళు తెచ్చి జకరయ్య దోసిట్లో పోశాడు. పోసేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

సిరివెళ్ళ దాకా దేవదానం బండి వెనకే నడిచాడు. ఎక్కమంటే ఎక్కలేదు. ఎండకు గోనెపట్టా ఆరిపోతోంది. జకరయ్య దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"బావా, ఎండిపోతాంది. నెర్రెలిస్తే గొలుసు ఊడొస్తాదన్నావే. కచ్చేరీ దాకా ఊడగూడదు. నీళ్ళు పట్టు."

దేవదానం దోవలో కుంట కనబడిన చోటల్లా కడవ ముంచుకొచ్చాడు. ముందు జకరయ్యకు తాగించాడు. మిగిలినవి దిమ్మె మీద పోశాడు. పోసిన ప్రతిసారీ తల వంచుకునే పోశాడు. క్షమించానని జకరయ్య అనలేదు. దేవదానం అడగలేదు. అడిగే మొహం అతనికి లేదు.

సోమవారం పొద్దెక్కేసరికి బండి నంద్యాలలో కచ్చేరీ మెట్ల ముందర ఆగింది. దారి పొడుగునా వెంటబడిన జనం చుట్టూ మూగారు. దిమ్మెను వాసాల మీద దించి పై మెట్టు మీద పెట్టారు. ఎత్తి పెట్టేటప్పుడు గొలుసు లాగకుండా కృపావతి తమ్ముడి కాలు పట్టుకుంది. గుమాస్తా కళ్ళద్దాలు సర్దుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏందిది?"

"ఫిర్యాదు" అన్నాడు దేవదానం.

"ఫిర్యాదు కాగితం మీద ఇవ్వాలయ్యా, రాయి తెస్తారా?"

"రాయి కాదు సామీ, సిమెంటు. కాగితం మీద రాసేది మీరు. నేను చెప్తా."

గుమాస్తా జకరయ్య కాలు చూశాడు. తాళం చూశాడు. చాలాసేపు చూశాడు. లోపలికి పోయి కాగితమూ కలమూ తెచ్చి మెట్టు మీదే కూర్చున్నాడు. "ఎవరి మీద?"

"మొదట నా మీద రాసుకోండి. దేవదానం, బేల్దారి, నంద్యాల. దిమ్మె పోసినోడు, పేరు చెప్పినోడు, మనిషిని కట్టినాక కూడా నీళ్ళు పట్టినోడు. రాసినారా? చదవండి."

గుమాస్తా చదివాడు. ఇంతమందిలో, తను పుట్టిన ఊళ్ళో, తన పేరు అట్లా వినడం దేవదానానికి చెంప మీద కొట్టినట్టే ఉంది. వీళ్ళలో సగంమంది ఇళ్ళకు అతను గోడలు కట్టాడు. తల దించుకోవాలనిపించింది. దించుకోలేదు.

"ఇంక రెండో పేరు. పార్థసారథి, ఆళ్ళగడ్డ డిపో. ఆయన ముట్టుకోలేదు, అది కూడా రాయండి. తాళం వేసింది కూడా పుల్లయ్య చేత్తోనే, మాలోడి కాలు తనకు తగలగూడదని. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండాది. మనిషిని పంపండి. చెవి ఒకటే తెస్తే ఒప్పుకోం. ఆయనే రావల్ల. ఈ మెట్టు మీద, ఇంతమంది చూస్తాంటే, వంగి, ఈ పుండు కాలు ఎడమచేత్తో పట్టుకొని, కుడిచేత్తో ఆయనే తీయల్ల. అంతవరకు వీడు ఈడనే ఉంటాడు, దిమ్మె ఈడనే ఉంటాది, నేనూ ఈడనే ఉంటా. ఇయ్యాలే పంపండి. ఇప్పుడే."